ఒక్క పిలుపుకి ఇద్దరు

మా ఇంటికి వచ్చేనాటికే ఆ కుక్కకి ఒక పేరుంది. ఇంగ్లీషు పేరు. గుంటూరులో అపార్ట్‌మెంటులో ఉండే మా మరిది పిల్లలు ముచ్చటపడి పెట్టుకున్నది. మా అత్తయ్య నోట్లో పడేసరికి అది ఎవర్నో తిడుతున్నట్టు వినిపించేది. మామయ్యగారు అసలా ప్రయత్నమే చెయ్యలేదు. వచ్చిన రోజు సాయంత్రం వసారాలో మంచం మీద కూర్చుని, చేతిలో జంతిక ముక్క పట్టుకుని, "ఓయ్" అన్నారు. కుక్క తోక ఊపుకుంటూ వచ్చి ముక్క అందుకుంది. వంటింట్లోంచి "ఆఁ, వస్తున్నా" అంటూ మా అత్తయ్య కూడా వచ్చింది.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన ఆవిణ్ణి పిలిచింది ఆ ఒక్క మాటతోనే. మా పక్క పాతకాలం మొగుళ్లకి పెళ్లాం పేరు నోటికి రాదు. మంచినీళ్లు కావాలన్నా ఓయ్, కళ్లజోడు కనపడకపోయినా ఓయ్, కోపమొచ్చినా ఓయ్, ప్రేమొచ్చినా అదే అయి ఉంటుంది, నేను వినలేదు.

"నన్నూ దాన్నీ ఒకటే పిలుపా? కాస్తన్నా సిగ్గుండాలి" అంది అత్తయ్య మూతి తిప్పుకుంటూ.

"నువ్వు మూడు పిలిస్తే గానీ పలకవు. అది ఒక్కదానికే పలికింది. ఇప్పుడు చెప్పు, సిగ్గు ఎవరికుండాలో" అన్నారాయన.

ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వాం. ఆ రోజునుంచీ మా ఇంట్లో ఒక్క పిలుపుకి ఇద్దరు పలికేవాళ్లు.

నిజం చెప్పొద్దూ, ఆ కుక్క రావడం నాకు ఇష్టం లేదు. గేదె పేడ ఎత్తేది నేనే, కోళ్ల గూడు కడిగేది నేనే, ఇప్పుడీ సీమకుక్క సేవ కూడా నా నెత్తినే. "బీగిల్ అంటారు వదినా, మంచి జాతి. పిల్లలతో బాగుంటుందని కొన్నాం. కానీ లిఫ్టు కదిలితే చాలు గొంతెత్తుకుంటోంది. పైవాళ్లూ కిందవాళ్లూ కలిసి సంతకాలు పెట్టి ఇచ్చారు" అన్నాడు మరిది. అంటే వాళ్లకి పనికిరానిది మాకు ముద్దన్నమాట. ఆ మాట అనేశాను కూడా. మా ఆయన నా వైపు చూసి కళ్లతోనే దణ్ణం పెట్టాడు, ఇంక ఊరుకున్నాను.

పొట్టి కాళ్లు. ఒళ్లంతా తెలుపూ నలుపూ ఇటిక రంగూ. తమలపాకుల్లా వేలాడే చెవులు. తోక కొస మాత్రం తెల్లగా, సున్నంలో ముంచి తీసినట్టు. మా ఊళ్లో చూసినవాళ్లందరూ "ఏవమ్మా, ఇది కుక్కా, మేకపిల్లా?" అని అడిగారు. దాని తిండి మాత్రం నలుగురు కూలీల తిండి. మొదటి వారంలోనే వడియాలు ఎండబెట్టిన గుడ్డ దగ్గరికి పోయి వడియాలు మొత్తం తినేసి, గుడ్డ కూడా నమలబోయింది. నేను చీపురు తీసుకుని వెంటపడితే మామయ్యగారి మంచం కిందికి దూరి, అక్కణ్నుంచి నన్ను చూసింది. ఆ చూపుకి నా చీపురు దిగిపోయింది. అదేం చూపో గానీ, దొంగతనం చేసింది నేనేనేమో అనిపించేలా చూస్తుంది.

దాన్ని మొదట అర్థం చేసుకున్నది మామయ్యగారే. ఆయన వయసులో ఉన్నప్పుడు నాటుకుక్కల్ని వెంటేసుకుని చెవులపిల్లుల వేటకి, అదే కుందేళ్ల వేటకి, తిరిగిన మనిషి. ఇప్పుడు వేటాడితే కేసు, చెవులపిల్లులూ కనపడవు. ఆ ముచ్చట్లు చెప్పుకోవడం ఒక్కటే మిగిలింది. వినేవాళ్లూ తగ్గారు. అలాంటి మనిషికి ఈ కుక్క దొరికింది. పొద్దున్నే కర్ర పట్టుకుని ఆయనా, ముందు ఆ కుక్కా, మా పత్తి చేలవైపు పోయేవాళ్లు. పత్తి మొక్కల మధ్య కుక్క కనపడేది కాదు. తెల్లటి తోక కొస ఒక్కటే పైన ఆడుతూ పోతుండేది.

ఒకరోజు పత్తి తీసే ఆడకూలీలకి మంచినీళ్లు తీసుకుని నేనూ చేలోకి వెళ్లాను. గట్టు మీద మామయ్యగారు నిలబడి, వేలు పెదాల మీద పెట్టి ఆగమన్నారు. కుక్క నేలకి ముక్కు ఆనించి, కాలవ గట్టు వెంట అటూ ఇటూ తిరుగుతోంది. ఉన్నట్టుండి గొంతెత్తింది. మామూలు మొరుగుడు కాదు. లోపల్నుంచి సాగదీసి, పాటకీ ఏడుపుకీ మధ్య ఉండే గొంతు.

"అయ్యో, ఊళేస్తోంది మామయ్యగారూ!" అన్నాను.

"ఊళ కాదమ్మాయ్. ఊళేసే కుక్క ఆకాశం చూస్తది. ఇది నేలని చూసి అరుస్తోంది, చూడు. వాసన దొరికింది, రండిరా అని పిలవడం అది. ఎక్కడో మనుషులు వేటకోసమే తయారుచేసిన గొంతు" అన్నారు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "వేటపాలెం పిల్లవి, వేట తెలవకపోతే ఎట్టా?"

మా పుట్టిల్లు వేటపాలెం. అక్కడ జీడిపప్పు కొట్టడం తప్ప వేటేముంది? ఆ హాస్యం ఆయన నా పెళ్లి నాటినుంచీ ఆడుతూనే ఉన్నారు.

కుక్క కాలవ దాటి పక్క చేలోకి పోతోంది. వాసన తగిలాక దానికి చెవులు పనిచెయ్యవు. నేను పిలిచాను, కూలీలు పిలిచారు, తిరిగి చూస్తే ఒట్టు. మామయ్యగారు నోటి దగ్గర చెయ్యి దొప్పలా పెట్టుకుని పిలిచారు: "ఓ......య్!" అత్తయ్యని పిలిచే ఓయ్ కాదది. అది కత్తిరించినట్టుంటుంది. ఇది సాగి సాగి, చివర పైకి లేచి, చేలకి అడ్డంగా పోయింది. తోక కొస ఆగింది. అంత గొప్ప వాసన వదిలేసి కుక్క వెనక్కి పరిగెత్తుకొచ్చింది. దాన్ని వెనక్కి తెచ్చే పిలుపు ఈ భూమ్మీద అదొక్కటే.

తర్వాత మిరప కోతలొచ్చాయి. ఇంటి వెనక కల్లంలో కాయ పరిచాం. మా ఊరి గాలే ఎర్రబడే రోజులవి. మేం ఏళ్ల తరబడి ఆ ఘాటులోనే ఉన్నాం, మాకే తుమ్ములాగవు. ఇక వాసన కోసమే పుట్టిన ఆ ముక్కు సంగతేం చెప్పను? తుమ్ములే తుమ్ములు. రంగు పోయిన తాలుకాయలు ఏరుకునే ఆడవాళ్లు దానికి తుమ్ము వచ్చినప్పుడల్లా "చిరంజీవ" అని నవ్వేవాళ్లు. కన్నూ ముక్కూ కారుతూ, వాసన అనేదే తెలియక, గుడ్డిదానిలా మంచం కాళ్లకి గుద్దుకునేది. ఆ నెలల్లో దాని గొంతు లేవలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పానో, ఒక్కరూ గుర్తుపెట్టుకోలేదు.

ఆ కోతల్లోనే మామయ్యగారు పడిపోయారు. కల్లంలో కాయ తిరగేయిస్తూ, ఒక కూలీమనిషిని ఏదో అదిలించబోయి, మాట మధ్యలో ఆగి, అలాగే మిరపకాయల మీదికి ఒరిగారు. పక్షవాతం. గుంటూరు తీసుకుపోయాం. ప్రాణం దక్కింది. కుడి చెయ్యీ కుడి కాలూ పోయాయి, మాట పోయింది. "కసరత్తు చేయిస్తూ ఉండండి. మాట రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. మా అత్తయ్య ఆ రెండో ముక్క వినలేదు. అందరికీ "మాటొస్తదన్నాడు డాక్టరు" అని చెప్పుకుంది.

వసారాలోనే మంచం వేశాం. కుక్క ఆ మంచం కిందికి చేరింది, మరి కదల్లేదు. ఆయన కుడి చెయ్యి మంచం పక్కన కిందికి వేలాడేది, బరువుగా, ఎవరిదో అయినట్టు. కసరత్తు చేయించే కుర్ర డాక్టరు వచ్చి ఆ వేళ్లని మూసి తెరిచి, మూసి తెరిచి వెళ్లిపోయేవాడు. ఒక మధ్యాహ్నం నేను జావ తీసుకొచ్చాను. కుక్క తల ఎత్తి, తన చెవిని ఆ చేతి కింద పెట్టి ఉంది. ఆయన వేళ్లు ఆ చెవి చుట్టూ ముడుచుకుంటున్నాయి. నెమ్మదిగా, చలికి కొంకర్లు పోయిన వేళ్లలా. నేను గిన్నె కింద పెట్టేసి నోరు తెరుచుకుని చూశాను. అత్తయ్యని పిలుచుకొచ్చేసరికి కుక్క పడుకుంది, చెయ్యి మామూలుగా వేలాడుతోంది.

"నీకు అనిపించి ఉంటది" అంది అత్తయ్య, జాలిగా.

అనిపించడం కాదు. ఆ తర్వాత కూడా చూశాను. కానీ ఎప్పుడు చూసినా నేనొక్కదాన్నే చూశాను. అదే నా ఖర్మ.

కాయంతా టిక్కీల గోతాలకెత్తి కోల్డ్ స్టోరేజీకి తోలేశాం. కల్లం ఊడ్చి కడిగించాం. ఒక పెద్ద వాన పడి గాలిలో ఘాటు పోయింది. కుక్క తుమ్ములాగిపోయాయి. ముక్కు తెరుచుకుంది. తెరుచుకున్న ముక్కుకి మొట్టమొదట అందింది, మా పెరట్లో పేర్చిన పత్తికట్టె కింద కాపురమున్న పందికొక్కులు. అవి బయటికొచ్చేది దీపాలు పెట్టే వేళ. చేలోకి తీసుకెళ్లేవాళ్లు లేరు, వదిలితే వాసన పట్టుకుని లారీలు తిరిగే రోడ్డెక్కుతుందని గొలుసు వేశాం. పందికొక్కు కదలగానే ఇది మంచం కిందనుంచి దూకేది. గొలుసు బిగిసి మెడ వెనక్కి లాగేది. తల పైకి లేచేది. ఆ పైకి లేచిన తలతో, సరిగ్గా సంధ్యవేళ, పడిపోయిన మనిషి మంచం పక్కన నిలబడి, సాగదీసి సాగదీసి గొంతెత్తేది.

చూసేవాళ్లకి ఎలా ఉంటుంది? ఆకాశం చూసి ఊళేస్తున్నట్టే ఉంటుంది.

ఎదురింటి పిన్నిగారు శకునం చెప్పే బల్లి. మొదటిరోజే పరిగెత్తుకొచ్చింది. "అక్కయ్యా, ఇంట్లో మంచాన పడ్డ మనిషిని పెట్టుకుని ఊళేసే కుక్కని కట్టేసుకుంటారా? యముడు కనపడితేనే కుక్క ఊళేసేది. దాని కళ్లకి కనపడతాడంట!" అంది. అత్తయ్య మొహం పాలిపోయింది. నేను పందికొక్కుల గురించి చెప్పాను, మిరప ఘాటు గురించి చెప్పాను, మామయ్యగారు చేలో చెప్పిన మాట చెప్పాను. "మీ మామయ్య చెబితే నమ్ముతాం లేమ్మా" అంది పిన్నిగారు. నిజమే. వేట గురించి ఆయన మాటంటే ఊరు ఊరంతా తలూపేది. ఆ ఒక్క మనిషి, మా మాటలన్నీ వింటూ, మంచం మీద కళ్లు తిప్పుతున్నారు. నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు.

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, ఆ వారంలోనే వీధి చివర ఒక పెద్దాయన పోయాడు. ఏడాదిగా మంచాన పడి తీసుకుంటున్న మనిషి, ఎప్పుడు పోతాడా అని బంధువులే ఎదురుచూస్తున్న మనిషి. అయినా సరే, లెక్క మా కుక్క ఖాతాలో పడింది. "ఒకళ్లయ్యారు" అన్నారు వీధిలో. ఆ తర్వాత ఎవరని ఎవరూ అనలేదు. అందరూ మా వసారావైపు చూశారు.

నేను ఊరుకోలేదు. మరిదికి ఫోన్ చేస్తే, ఈ జాతి కుక్కలు ఏ దేశంలోనో గుంపుగా వేటాడుతున్న వీడియో పంపాడు. పచ్చటి మైదానంలో ఇరవై ముప్పై కుక్కలు, అన్నీ మా కుక్కకి అక్కచెల్లెళ్లలా, ముక్కులు నేలకి పెట్టి ఒక్కసారే గొంతెత్తుతూ పరిగెడుతున్నాయి. అత్తయ్యనీ పిన్నిగారినీ కూర్చోబెట్టి చూపించాను. పిన్నిగారు గుండెల మీద చెయ్యేసుకుంది. "అమ్మో అమ్మో! ఇన్ని కుక్కలు ఊళేశాయంటే ఆ ఊళ్లో ఎంతమంది పోయారో పాపం!"

నవ్వాలా, తల బాదుకోవాలా?

ఒక కూలీని పెట్టి పత్తికట్టె మొత్తం తీయించాను. కింద బొక్కలు బయటపడ్డాయి, ఇంత ఇంత లావు పందికొక్కులు అటూ ఇటూ పారిపోయాయి. "చూడండత్తయ్యా, దీనికే అరిచింది" అన్నాను గెలిచినదానిలా. అత్తయ్య ఆ బొక్కల్ని చూసింది, నన్ను చూసింది. "పందికొక్కులు లేని ఇల్లేదే మన ఊళ్లో? మన వీధి కుక్కలు ఊళేస్తున్నాయా వాటిని చూసి?" అంది. నా దగ్గర జవాబు ఉంది, ఆవిడకి ఎక్కే జవాబు లేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. పందికొక్కులు పశువుల కొట్టం కిందికి మారాయి. రెండురోజులు ఊరుకున్న కుక్క మళ్లీ మొదలుపెట్టింది.

అత్తయ్య కుక్క మెడకి నల్లతాడు కట్టింది. అరిచినప్పుడల్లా "రామ రామ" అనుకుంటూ దాని మొహాన నీళ్లు చల్లింది. చివరికి ఒక సాయంత్రం నా దగ్గరికొచ్చి నిలబడింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నువ్వు చెప్పేది నిజమే అయి ఉండొచ్చు. నేను చదువుకోలేదు, నువ్వు చదువుకున్నావ్. కానీ అమ్మాయ్, పసుపూ కుంకుమా నావి. రేపు ఆయనకి ఏదన్నా అయితే నీ వీడియో తిరిగి తెస్తదా?" అంది.

కుక్క ఉంటే ఆయన చెయ్యి కదులుతుందని నాకు తెలుసు. కుక్క ఉండగా ఆయన పోతే, అరుపుకీ చావుకీ సంబంధం లేదని నాకు తెలిసీ, జీవితాంతం ఆవిడ మొహం చూడలేను. మా ఆయన్ని అడిగాను. పాపం, అడకత్తెరలో పోకచెక్క. "అమ్మ అన్నం తినడం లేదు. కొన్నాళ్లు ఎక్కడన్నా ఉంచుదాం" అన్నాడు, నా మొహం చూడకుండా. మరిదిని అడిగితే అపార్ట్‌మెంటువాళ్లు ఒప్పుకోరన్నాడు. ఆఖరికి మార్టూరులో గ్రానైట్ పాలిష్ యూనిట్ నడిపే మా ఆయన స్నేహితుడు, గేటు దగ్గర కట్టేసుకుంటానన్నాడు.

తీసుకెళ్లే బాధ్యత మగవాళ్లెవరూ తీసుకోలేదు. నేనే ఆటో మాట్లాడుకున్నాను. గొలుసు విప్పుతుంటే మామయ్యగారు చూస్తున్నారు. ఆయనకి అన్నీ అర్థమవుతాయి, అది మేమందరం మర్చిపోయేవాళ్లం. "కొన్నాళ్లే మామయ్యగారూ" అన్నాను. ఎడమ చేత్తో నా కొంగు పట్టుకున్నారు. విడిపించుకున్నాను. వేరే ఏం చెయ్యను చెప్పండి?

ఆటో సాయిబుగారు దారిలో అద్దంలోంచి చూసి, "ఇంత ముద్దుగుంది, ఎందుకమ్మా పంపించేస్తున్నారు?" అన్నాడు. చెప్పాను. "మా అమ్మ కూడా అట్టాగే అంటదమ్మా, కుక్క ఊళేస్తే ఎవరికో మూడిందని. మా ఇళ్లలో కుక్కని లోపలికి రానియ్యరు గానీ, లేకపోతే నేనే పెంచుకునేవాణ్ణి" అన్నాడు. కుక్క నా ఒళ్లో తల పెట్టి, ముక్కు మాత్రం బయట గాలికి పెట్టింది. ఊరు దాటేదాకా ఆ ముక్కు ఆడుతూనే ఉంది. మార్టూరు దగ్గరపడ్డాక రాతిపొడి తగిలి తుమ్మింది. "చిరంజీవ" అన్నాను. అని ఏడ్చాను.

అక్కడ రాళ్లు కోసే మిషన్ల మోతకి మనిషి మాట మనిషికి వినపడదు. గేటు పక్కన ఇనుపకడ్డీకి కట్టేశారు. నేను ఆటో ఎక్కేటప్పుడు అది అరిచే ఉంటుంది. నోరు తెరుచుకోవడం కనిపించింది, గొంతు వినపడలేదు.

ఇంట్లో అత్తయ్య ఆ రోజు కడుపునిండా తింది. మంచం కింద ఫినాయిలు వేసి కడిగింది. మామయ్యగారి చెయ్యి అలాగే వేలాడుతూ ఉండేది. కసరత్తు చేయించే కుర్రాడు "ఈ వేళ్లు మళ్లీ బిగుసుకుంటున్నాయేంటి?" అన్నాడొకసారి. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ దేవుడి గదివైపు చూస్తోంది.

తర్వాత ఒక పొద్దున, నేను పాలు పితుకుతున్నాను. వసారాలోంచి వినిపించింది.

"ఓ......"

చెంబు వదిలేసి పరిగెత్తాను. నాకంటే ముందే అత్తయ్య అక్కడుంది. ఆయన మొహం ఎర్రబడింది, మెడ నరాలు తేలాయి. మళ్లీ గొంతు కూడదీసుకున్నారు. "ఓ......య్!" సాగి సాగి, చివర పైకి లేచింది. పత్తిచేలకి అడ్డంగా పోయిన పిలుపు. ఆయన చూపు గేటు మీదుంది. వేలాడే చెయ్యి మంచం కింద ఏదో వెతుకుతున్నట్టు అల్లాడింది.

"ఆఁ! ఇక్కడే ఉన్నా! ఇక్కడే ఉన్నానయ్యా!" అత్తయ్య ఆయన కాళ్లమీద పడిపోయింది. వీధి వీధంతా వచ్చింది. "మాటొచ్చింది! మా ఆయనకి మాటొచ్చింది! మొట్టమొదట నన్నే పిలిచాడు!" అని ఏడుస్తూ నవ్వుతూ అందరికీ చెప్పింది. పిన్నిగారు నా భుజం తట్టి, "చూశావా అమ్మాయ్, ఊళేసేది పోయింది, ఇంటికి వెలుగొచ్చింది" అంది. నా పక్షం గెలిపించాల్సిన ఆ ఒక్క మాట, నా కళ్లముందే వాళ్ల పక్షం గెలిపించింది.

నేను పెరట్లోకి పోయి మార్టూరు ఫోన్ చేశాను. కుక్కని ఇవాళే తీసుకుపోతాను, ఎవరేమన్నా సరే అనుకుని.

"నేనే చేద్దామనుకుంటున్నానమ్మా" అన్నాడా స్నేహితుడు నసుగుతూ. "నిన్న లారీకి గేటు తీసినప్పుడు గొలుసు తెంపుకుని పోయింది. ముక్కు నేలకి పెట్టి పోతూనే ఉంది. మావాళ్లు ఎంత పిలిచినా తిరిగి చూడలేదు."

చూడదు. అది ఒక్క పిలుపుకే తిరుగుతుంది. ఆ పిలుపు మా వసారాలో మంచం మీద ఉంది, కదల్లేదు.

అప్పుడు తట్టింది. ఫోన్ పట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను. "ఇంకొకసారి పిలవండి మామయ్యగారూ" అన్నాను. నా కళ్లలోకి చూశారు. తెలిసిందాయనకి, నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఊపిరి కూడగట్టుకుని, మంచం ఊగేలా పిలిచారు. రికార్డు చేసుకున్నాను. అత్తయ్య మురిసిపోయి, "మీ మరిదికి పంపిస్తావా? పంపు, పంపు" అంది.

మా ఆయన్ని బండి తియ్యమన్నాను. ఈసారి అతను ఏమీ అడగలేదు. మార్టూరు చుట్టూ రాతిగుట్టల మధ్య, కాలవ గట్ల మీద, దున్ని వదిలేసిన పత్తిచేల పక్కన, ఫోన్ పైకెత్తి పట్టుకుని ఆ పిలుపు వేస్తూ తిరిగాం. ఫోన్‌లో ఎంత సౌండు పెట్టినా ఏపాటి? నాలుగు గజాలు పోయి ఆగిపోయేది. గొర్రెలు కాసే ఒకతను "ఎవరమ్మా తప్పిపోయింది?" అని అడిగాడు. తెల్లటి తోక కొస అని చెప్పాను. చూడలేదన్నాడు. మర్నాడూ వెళ్లాం. ఆ తర్వాతా వెళ్లాం. ఎక్కడైనా చేలో ఏది తెల్లగా కదిలినా బండి ఆపించాను. కొంగలు. ప్లాస్టిక్ సంచులు. దొరకలేదు.

ఆఖరిరోజు ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుళ్లో పొంగలి పెట్టించి వచ్చింది. ఆకులో వేసి నాకూ ఇచ్చింది. దీపాలు పెట్టే వేళయింది. కొట్టం కింద పందికొక్కులు కిచకిచలాడుతున్నాయి. వాటికి జవాబు చెప్పేవాళ్లు లేరు.

మామయ్యగారు పిలిచారు. "ఓ......య్!"

అత్తయ్య ఆకు పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ పరిగెత్తింది. ఇప్పుడు మూడుసార్లు పిలవక్కర్లేదు, ఒక్కదానికే పలుకుతోంది. మంచం పక్కన కూర్చుని, కిందికి వేలాడుతున్న ఆయన చేతిని ఎత్తి తన ఒళ్లో పెట్టుకుంది. ఆయన ఆవిడ భుజం మీదుగా గేటువైపే చూస్తున్నారు. కాసేపటికి చెయ్యి ఒళ్లోంచి జారి మళ్లీ మంచం కిందికి పోయింది. ఆవిడ మళ్లీ ఎత్తి పెట్టుకుంది.

ఎందుకో ఉన్నట్టుండి నావైపు తిరిగింది. ఆవిడ మొహంలో ఒక్క క్షణం ఏదో భయం కనిపించింది.

"నన్నేగా అమ్మాయ్ పిలిచేది?" అంది.

"మిమ్మల్నే అత్తయ్యా. ఇంకెవరున్నారు" అన్నాను.